అటక మీది చెప్పులు

చెప్పులత్త ఎవరి ముఖమూ ముందు చూడదు. మనిషి ఎదురైతే ఆమె చూపు తిన్నగా కాళ్ళ మీదికి దిగుతుంది. పాదాలు, మడమలు, నడిచే తీరు అన్నీ చూసుకుని, ఆ తర్వాత తీరిగ్గా తలెత్తి "ఎవరూ?" అంటుంది. మంత్రి అంతటివాడు వచ్చినా అదే మర్యాద.

నేను పనికి చేరిన రోజున నాకూ అదే జరిగింది. కొత్త తెల్లకోటు వేసుకుని, కట్ల పెట్టె పట్టుకుని, ఏదో ఉద్ధరించడానికి వచ్చినదానిలా గదిలో అడుగు పెట్టాను. ఆమె నా కాళ్ళు చూసి, "ఎడమ మడమ పగిలి నెత్తురొస్తోంది. ఊళ్ళో వాళ్ళకి కట్లు కట్టేదానివి, నీ కాలు నువ్వు చూసుకోవా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చూసుకుంటే నిజంగానే నెత్తురు. వారం తిరిగేసరికి నాకో జత మెత్తటి చెప్పులు కుట్టి పెట్టింది. అప్పటినుంచి ఆమె నాకు అత్త, నేను ఆమెకి కట్లమ్మాయిని. ఇప్పుడు నాకు మనవలున్నా ఆమె నోట ఇంకా అమ్మాయినే.

ఒకప్పుడిది కుష్ఠు రోగులను లోకానికి దూరంగా ఉంచడానికి కట్టిన కాలనీ. పెద్ద గేటు, ఆస్పత్రి, ఆడవాళ్ళ వరస, మగవాళ్ళ వరస, పనిశాల, ఆఖరికి చిన్న జైలు కూడా ఉన్నాయి. ప్రతి కట్టడానికీ రెండు తలుపులు. ఒకటి రోగులకు, రెండోది మిగతావాళ్ళకు. రోగుల తలుపుకు గుండ్రటి పిడి ఉండదు, బారెడు ఇనుప కమ్మీ ఉంటుంది. వేళ్ళు పోయినవాళ్ళు మోచేత్తో నొక్కి తెరుచుకోవడానికి ఆ ఏర్పాటు. చుట్టాలను కలుసుకునే గదిలో నడుమెత్తు గోడ, గోడ మీద కప్పుదాకా గాజు. ఇటు మాట అటు వినపడదు. పెదవుల కదలిక చూసి క్షేమసమాచారాలు తెలుసుకోవాలి.

మందులొచ్చాక జబ్బు నయమైంది, గేటు తెరుచుకుంది, వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళడానికి చోటు లేనివాళ్ళు కొద్దిమంది మిగిలారు. నేను వారానికి రెండుసార్లు వెళ్ళేది వాళ్ళ పుండ్లు కడగడానికే. జబ్బు పోయినా చచ్చిపోయిన స్పర్శ తిరిగి రాదు. కాలిలో గాజుముక్క దిగినా తెలియదు, పొయ్యి దగ్గర చెయ్యి కాలినా తెలియదు.

ఈ మధ్య ఈ కట్టడాలను చూడడానికి కార్లలో జనం వస్తున్నారు. దళసరి గోడలు, ఎత్తయిన కప్పులు, పొడుగాటి వరండాలు చూసి, "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అంటారు. ఆ మాట వినపడిందా, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఒకావిడ జైలు గదిలో నిలబడి ఫొటో తీయించుకుంది, జుట్టు సవరించుకుని మరీ. అత్త మాత్రం నవ్వేది. "పోనీలేవే. వాళ్ళకి గోడలే కనిపిస్తాయి. గోడలు బాగానే కట్టారు కదా."

అత్తను ఇక్కడికి తెచ్చినప్పుడు ఆమెకు ఇంకా జడ వేసుకోవడం సరిగా రాదు. వీపు మీద తెల్లమచ్చ కనిపించింది, అన్న తీసుకొచ్చి గేటు దగ్గర దింపాడు. సాయంత్రం మళ్ళీ వస్తానన్నాడట. "ఏ సాయంత్రమో చెప్పలేదు. అడగాల్సింది నేనే," అని ఆమె ఇప్పటికీ పరిహాసమాడుతుంది. అలా అన్నప్పుడు పక్కనున్నవాళ్ళకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

పనిశాలలో చెప్పులు కుట్టడం నేర్చుకుంది. ఈ చెప్పులకు మేకు కొట్టకూడదు, అదీ అక్కడి మొదటి పాఠం. అడుగున మెత్తటి రబ్బరు, పైన తోలు పట్టీలు, అంతా జిగురూ దారమూ. మేకు పైకి లేచి పాదంలో దిగబడితే ఆ మనిషి దాని మీదే ఊరంతా తిరిగొస్తాడు. ఒక్కో పాదానికి ఒక్కో అచ్చు. నేల మీద కాగితం పరిచి, దాని మీద పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీత గీస్తారు. ఆ గీత ప్రకారం రబ్బరు కోస్తారు. అత్త కుడిచేతికి బొటనవేలూ, చూపుడువేలులో సగమూ మిగిలాయి. కత్తిని తోలుపట్టీతో మణికట్టుకు కట్టుకుని కోసేది. కుట్టడం పూర్తయ్యాక చెప్పు లోపల చెయ్యి పెట్టి చూసుకోవడానికి లేదు, చేతికి తెలియదు కాబట్టి. వెలుగులో పట్టుకుని కళ్ళతోనే తడమాలి. ఆమెకు మనుషుల కాళ్ళు చూసే అలవాటు అక్కడే పట్టుకుంది. ముఖం చూసి మనిషిని మరిచిపోతుంది గాని, ఒకసారి అచ్చు గీసిన పాదాన్ని మరిచిపోదు.

అక్కడే గేటు కాపలా చూసే రోగిని పెళ్ళి చేసుకుంది. పెళ్ళికి అభ్యంతరం లేదు, పిల్లల విషయంలోనే నిబంధన. కాలనీ చివర, కంచె అవతల, చిన్న మిట్ట మీద పిల్లల బంగళా ఉంది. ఇక్కడ పుట్టిన బిడ్డను పుట్టిన పూటే అక్కడికి పంపేసేవాళ్ళు. తల్లికి ముద్దు పెట్టుకునే వీలు కూడా లేదు. పురిటిగదికీ రెండు తలుపులే. తల్లి ఒక తలుపులోంచి వెళ్తుంది, బిడ్డ రెండో తలుపులోంచి వెళ్తాడు. అత్తకు కొడుకు పుట్టాడు. తెల్లగుడ్డలో చుట్టిన మూట ఒకటి రెండో తలుపు దాటడం మాత్రం చూసింది. ఏడుపు విన్నది. ముఖం చూడలేదు.

బంగళాకూ కాలనీకీ మధ్య దారిలో సున్నం కొట్టిన రాయి ఒకటి ఉండేది. రోగులు ఆ రాయి దాటకూడదు, పిల్లలు ఆ రాయిదాకా రాకూడదు. బంగళాలో పనిచేసే ఆయా మాత్రం అటువైపు నిలబడి మాట్లాడేది. ఇవ్వాల్సింది ఏదైనా ఉంటే రాయి మీద పెట్టి వెనక్కి జరగాలి. అవతలివాళ్ళు అప్పుడు ముందుకొచ్చి తీసుకోవాలి. అత్త తన కొడుకు కోసం చెప్పులు కుట్టడం మొదలుపెట్టింది. ఆయా బిడ్డ పాదం అచ్చు గీసి తెచ్చి రాయి మీద పెట్టేది. అత్త దాన్ని తీసుకెళ్ళి, చెప్పులు కుట్టి, అదే రాయి మీద పెట్టేది. వాడు వాటిని వేసుకుని వరండా అంతా పరుగులు పెడుతున్నాడని, తీయబోతే ఏడుస్తున్నాడని ఆయా చెప్పేది. పాదం పెరిగినప్పుడల్లా కొత్త అచ్చు వచ్చేది.

తన కొడుకు ముఖం ఎలా ఉంటుందో తెలియని ఆ తల్లికి వాడి పాదం మాత్రం కంఠతా వచ్చు. ఎడమ చిటికెన వేలు పక్కవేలు మీదికి ఎక్కి ఉండేది. అచ్చులో అక్కడ గీత లోపలికి నొక్కుకున్నట్టుండేది. అది ఒరుసుకుపోకుండా ఎడమ చెప్పు పట్టీని ఆమె వేరే రకంగా కుట్టేది. "ఆ వేలు నాది కాదు, మా ఆయనదీ కాదు. మా వైపూ లేదు, వాళ్ళ వైపూ లేదు. వెధవకి ఎక్కణ్ణుంచి దిగుమతైందో!" అని నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. అన్న ప్రతిసారీ ఆమె ముఖం వెలిగిపోయేది.

వాడు బడికి వెళ్ళే వయసులో ఉండగా బంగళా మూసేశారు. పిల్లాణ్ణి మంచి కుటుంబం పెంచుకోవడానికి తీసుకెళ్ళిందమ్మా అని ఆయా చెప్పింది. అచ్చులు ఆగిపోయాయి. తర్వాత భర్త పోయాడు. అత్త ఏడ్చింది, తేరుకుంది, మళ్ళీ కత్తి మణికట్టుకు కట్టుకుంది. ఆమెను అన్నేళ్ళూ నిలబెట్టిన మాట ఒక్కటే: "నా కొడుకు ఎక్కడో అక్కడ నడుస్తున్నాడు." అలాగే అనేది, బతికున్నాడని కాదు, నడుస్తున్నాడని.

పోయిన ఏడు కాలనీని మ్యూజియంగా మార్చే పని మొదలైంది. దాన్ని చూసుకోవడానికి వచ్చిన మ్యూజియం మేడమ్ మంచి పిల్ల, అబద్ధమెందుకు. కమ్మీ పిడులు అలాగే ఉంచింది, గాజు గది గాజును తుడిపించింది, పాతవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు రికార్డు చేసుకుంది. అన్నీ పూర్తయ్యాక పిల్లల బంగళా వంతు వచ్చింది. కప్పు దూలాలు చెదపట్టాయని వడ్రంగి అటక విప్పాడు.

ఆ పొద్దున నేను అత్త కాలి పుండు కడుగుతున్నాను. మేడమ్ రొప్పుకుంటూ వచ్చింది. ఆమె వెనక వడ్రంగి, అతని భుజం మీద గోనెసంచి.

"అమ్మా, మీరు చూస్తే సంతోషిస్తారు!" అంది మేడమ్. "అటక మీద దొరికాయి. ఇవి మీ చేతి పనే కదా?"

వడ్రంగి సంచిని నేల మీద గుమ్మరించాడు. చిన్న చిన్న చెప్పులు. అరచేతిలో పట్టేంతవి కొన్ని, కొంచెం పెద్దవి కొన్ని, బడికి వెళ్ళే పిల్లాడి కొలతవి కొన్ని. జతలు జతలుగా పట్టీలు ముడివేసి ఉన్నాయి. ఎడమ చెప్పులన్నిటికీ పట్టీ వేరే రకంగా కుట్టి ఉంది.

నాకు నిజంగానే సంతోషమేసింది. నా బుద్ధి అంతే, ముందు నోరు నవ్వుతుంది, తర్వాత బుర్ర పనిచేస్తుంది. "అత్తా, నీ కొడుకు చెప్పులే! దాచిపెట్టారు చూడు!" అన్నాను.

అత్త నవ్వలేదు. ఒక చెప్పు తీసుకుని కిటికీ వైపు తిప్పి, వెలుగులో లోపలికి చూసింది. పక్కన పెట్టింది. ఇంకోటి తీసుకుంది. మరోటి. నేను దూది పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆమె ఏం చూస్తోందో అప్పటికి గాని నాకు తట్టలేదు. ఎన్నో ఏళ్ళుగా ఆమె కుట్టిన చెప్పులు విప్పి పుండ్లు కడిగిన మనిషిని. ఆ మెత్తటి రబ్బరు మీద నాలుగు రోజులు నడిస్తే చాలు, మడమ దగ్గర గుంట పడుతుంది, వేళ్ళ కింద నల్లటి గుర్తులు పడతాయి. వీటిలో ఒక్కదానిలోనూ గుంట లేదు. చిన్నవాటిలోనూ లేదు, పెద్దవాటిలోనూ లేదు. అడుగున మట్టి మరక కూడా లేదు.



"వీటిని ఎవరూ తొడగలేదు," అంది అత్త.

మేడమ్‌కు అర్థం కాక నా వైపు చూసింది. నేను ఒక చెప్పు తీసి, గుంట లేని మడమ చోటు ఆమెకు చూపించాను. అత్త చివరి చెప్పు కూడా చూసి కింద పెట్టి, కోపం లేని గొంతుతో అడిగింది. "మరి పరుగులు పెట్టాడని చెప్పిందే? తీయబోతే ఏడ్చాడని చెప్పిందే?"

"లోపలి వస్తువులు పిల్లలకి తగలనివ్వకూడదని నిబంధన అయ్యుంటుంది, అత్తా," అన్నాను. "నీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అలా చెప్పుంటుంది. అంతకన్నా ఏముంటుంది?"

"అయితే కొత్త అచ్చు ఎందుకు తెచ్చేదే, ప్రతిసారీ?"

నాకు వచ్చిన అనుమానమే ఆమెకూ వచ్చిందని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది. ముఖాన నెత్తురుచుక్క లేదు. కడగడం సగంలో ఆగిపోయిన కాలును నీళ్ళలోంచి తనే తీసుకుని, "ఆ ఆయా ఉందా, పోయిందా?" అని అడిగింది.

ఉంది. టౌన్లో కొడుకు దగ్గర మంచం మీద ఉంది. రికార్డు చేసుకోవడానికి ఓసారి వెళ్ళొచ్చానని, పిల్లల బంగళా మాటెత్తగానే ఆమె ఏడుపు మొదలుపెట్టిందని మేడమే చెప్పింది. కట్టు కట్టడం పూర్తి చేసి, మేడమ్ కారులోనే బయల్దేరాం. దారి పొడుగునా నేనే వాగుతూ కూర్చున్నాను. పిల్లాడు ఉండే ఉంటాడని, పెంచుకున్నవాళ్ళ అడ్రసు ఆయాకి తెలిసే ఉంటుందని, అడిగి తెలుసుకుందామని. నా మాటలు నాకే బోలుగా వినిపించాయి. మనసులో మాత్రం ఒకటే గోల, దేవుడా వాడు బతికి ఉంటే చాలు, తొడక్కపోతే పోయె వెధవ చెప్పులు.

సందులో చిన్న డాబా ఇల్లు. గుమ్మం పక్కన పూలకుండీలు, గోడకు ఆనించిన సైకిలు. తలుపు తట్టగానే ఒకాయన తీశాడు. బట్టతల, బొజ్జ, చేతిలో చదువుతున్న పేపరు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషని మేడమ్ దారిలో చెప్పింది. "ఎవరండీ?" అన్నాడు మర్యాదగానే.

అత్త అలవాటు ప్రకారం కిందికి చూసింది.

ఆయన కాళ్ళకు చెప్పులు లేవు. గుమ్మంలో పడిన ఎండలో రెండు పాదాలూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎడమ చిటికెన వేలు పక్కవేలు మీదికి ఎక్కి ఉంది.

అత్త నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అన్నేళ్ళలో ఆమె దగ్గర అలాంటి శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఉన్నపాటున గుమ్మంలో కూలబడిపోయి, మిగిలిన ఆ వేలితో, ఆ మొండి చేతులతో ఆయన కాలు పట్టుకుంది. "వీడే! ఇదే పాదం! కట్లమ్మాయ్, నా కొడుకే! ఈ పాదం నాకు తెలీదూ? ఇది నేను కోసిన అచ్చే!"

మేడమ్ గోడ పట్టుకుంది. ఆయన పేపరు జారిపోయింది. ఆ క్షణంలో నాకు అంతా అర్థమైపోయినట్టే అనిపించింది. ఆయా దొంగ! బిడ్డను తనింటికి తెచ్చుకుని, తన కొడుకని పెంచుకుంది. తొడగని చెప్పులు, పెంచుకున్న కుటుంబం, రికార్డు చేసేటప్పుడు ఏడుపు, అన్నీ ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. నా నెత్తురు సలసలా కాగింది. దాంతోపాటే, చెప్పకేం, గుండెలో గంపెడు సంతోషం. ఉన్నాడు! నడుస్తున్నాడు! ఎవరు పెంచితేనేం!

"అమ్మా, లేవండి. మీరు ఎవరనుకుంటున్నారో..." అంటూ ఆయన వంగి అత్తను లేపబోయాడు. కాలు మాత్రం లాక్కోలేదు. ఆ చేతులు చూసి కూడా లాక్కోలేదు, అది నేను గమనించాను.

"మీ అమ్మ ఎక్కడ?" అన్నాను. గొంతు చించుకునే అన్నాను.

లోపలి గదిలో, కిటికీ పక్క మంచం మీద ఆయా పడుకుని ఉంది. కాళ్ళ మీద దుప్పటి, మనిషి చిక్కి సగమైంది. బయట జరిగిందంతా వినపడినట్టుంది, తలుపువైపే చూస్తోంది. నేను ఒంటికాలి మీద లేచాను. "ఎంత పని చేశావమ్మా! కన్నతల్లిని రాయి అవతల నిలబెట్టి, కాగితం ముక్కలు చూపించి మభ్యపెట్టి, బిడ్డని ఇంటికి తెచ్చుకుంటావా? నీకు చేతులెలా వచ్చాయి?"

ఆయా అత్తనే చూస్తోంది. కొడుకు ఆసరాతో అత్త లోపలికి నడిచి వస్తోంది, ఆయన చెయ్యి వదలకుండా.

"కాదు తల్లీ," అంది ఆయా. "వాడు నా కడుపున పుట్టినవాడే."

"అబద్ధం!" అన్నాను.

ఆయా మెల్లగా దుప్పటి పక్కకు తీసింది. ఎండిపోయిన ఎడమ పాదం బయటపెట్టింది. చిటికెన వేలు పక్కవేలు మీదికి ఎక్కి ఉంది.

అత్త ఆ పాదాన్ని చూసింది. పక్కనున్న ఆయన పాదాన్ని చూసింది. మళ్ళీ ఆ పాదం. చేతిలోంచి ఆయన చెయ్యి తనంతట తనే జారిపోయింది. కూలబడుతుందేమోనని నేను పట్టుకోబోతే నన్ను తోసేసి, మంచం పక్క కుర్చీలో కూర్చుంది.

"మరి నా వాడు?"

"పోయాడమ్మా," అంది ఆయా. "మొదటి వానలకే పోయాడు. జ్వరమొచ్చింది. రెండు రోజులు. డాక్టరుగారు వచ్చారు గానీ నిలవలేదు. నీకు చెప్పిరమ్మని నన్నే పంపారు. అంతకు ముందు నెల ఇలాగే ఇంకో తల్లికి చెప్పాను. ఆవిడ ఆ సాయంత్రమే బావిలో దూకింది. అదే తలుచుకుంటూ, కాళ్ళీడ్చుకుంటూ రాయి దగ్గరికి వచ్చాను. నువ్వప్పటికే అక్కడున్నావు. చేతిలో ఇంతింత చెప్పులు. నడక వచ్చేసరికి కావాలి కదా, ముందే కుట్టేశాను, కొలత చూసి పట్టీలు సరిచేస్తాను, వాడి పాదం అచ్చు గీసుకొస్తావా అని నవ్వుతూ అడిగావు. నా నోరు పడిపోయింది. సరేనని తలాడించాను. నీకు చెప్పేశానని డాక్టరుగారితో అన్నాను. ఇంటికొచ్చాక వీడు ఉయ్యాల్లో ఉన్నాడు. మీ వాడికన్నా రెండు నెలలు పెద్ద. వీడి పాదం కాగితం మీద పెట్టి..."

ఆమె కొడుకు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఆయన ముఖం చూస్తే ఇదంతా ఈ రోజే వింటున్నాడని తెలుస్తూనే ఉంది. తన పాదాలకేసి తనే వింతగా చూసుకుంటున్నాడు.

"ఒక్కసారి మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు," అంది ఆయా. "నువ్వు అచ్చు కోసం ఎదురుచూసేదానివి. తింటున్నావు, పని చేసుకుంటున్నావు, నవ్వుతున్నావు. ఎలా ఆపను?"

"చెప్పులు వీడికైనా తొడగాల్సింది," అన్నాను నేను. నా కోపం ఇంకా చావలేదు. ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా.

ఆయా కళ్ళు మూసుకుంది. "భయమేసింది. లోపలి నుంచి వచ్చినవి కదా. జబ్బు అంటుకుంటుందని అప్పుడు అందరం అనుకునేవాళ్ళం. నా కొడుకు కాలికి తొడగడానికి చేతులు రాలేదు. పారేయడానికీ రాలేదు. అటక మీద పెట్టేశాను."

ఇంత జాలీ, ఇంత భయమూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ బోధపడదు. తిట్టడానికి నోరు తెరిచాను. నాకు నోరు పెద్దదని మా ఇంట్లో పేరు. తెరిచిన నోరు మూసుకుని, జారిన దుప్పటిని ఆయా పాదం మీదికి లాగాను.

అత్త ఏడుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. ఆమె కదలకుండా కూర్చుంది. రాయి అవతలనుంచి ఆయా చెప్పిన పరుగులన్నీ, అల్లరంతా, బడికెళ్ళే పిల్లాడూ, ఎక్కడో నడుస్తున్న నడివయసు మనిషీ, ఒక్కొక్కళ్ళూ ఆమె కళ్ళలోంచి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది నాకు. ఆమె తలెత్తి ఆయాకేసి చూసింది.

"అయితే వాడు అసలు నడవనే లేదు."

"లేదమ్మా. బోర్లా పడడం నేర్చుకున్నాడు. అంతే. బోర్లా పడి తల పైకెత్తి అందరికేసీ చూసేవాడు."

"పోయేటప్పుడు ఎవరి దగ్గరున్నాడు?"

"నా ఒళ్ళోనే."

అత్త కుర్చీని ముందుకు జరుపుకుంది. "నేను ఎత్తుకోలేదు కదా. నాకు తెలీదు. ఎంత ఉండేవాడు?"

ఆయా చేతులు రెండూ దుప్పటి మీంచి ఎత్తి, మధ్య కాస్త ఎడం ఉంచి పట్టుకుంది. "ఇంత," అంది. కాసేపు చూసుకుని, ఒక చేతిని రవ్వంత దగ్గరికి జరిపింది. "ఇంత."

అత్త ఆ రెండు చేతుల మధ్య ఖాళీకేసి చూస్తూ ఉండిపోయింది. నేను ఆమె పక్క చూడలేక కిటికీ వైపు తిరిగాను. బయట సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

కాసేపటికి ఆయా చేతులు బరువెక్కి కిందికి దిగబోయాయి.

"దించకు," అంది అత్త. "ఇంకాసేపు అలాగే పట్టుకో."

ఆయా కొడుకు గోడ దగ్గర్నుంచి వచ్చి, మంచం అంచున కూర్చుని, తల్లి మోచేతుల కింద తన చేతులు పెట్టాడు.